రోజూ మోసే సంచి 6 కిలోల 900 గ్రాములు ఉంది. ఏది తీసేయాలి?

వేకువబస్సు (మొదటి రోజు, రాత్రి 10:12)

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా కుడి భుజం నొప్పి. మెడ పక్క నుంచి మోచేతి దాకా లాగుతోంది. ఫిజియోథెరపిస్టు చూసి ఎముకలో ఏమీ లేదు, కండరం పట్టేసింది అన్నారు. "రోజూ మోసే సంచి ఇదేనా?" అని అడిగి ఒంటి చేత్తో ఎత్తి చూశారు. "ముందు దీని సంగతి చూడండి, తర్వాత వ్యాయామాలు చెబుతాను" అన్నారు.

ఆ రాత్రే వంటింటి తూకం మీద ఒక్కో వస్తువూ పెట్టి రాసుకున్నాను. ల్యాప్‌టాప్ 1,600 గ్రాములు, దాని చార్జర్ 350. స్టీలు నీళ్ల సీసా నిండుగా ఉంటే 1,100. భోజనం డబ్బా 600. పవర్ బ్యాంకు 430. గొడుగు 400. రెండు పుస్తకాలు కలిపి 700. ఇక చిన్నాచితకా వేసుకునే పౌచ్ ఒకటుంది. బిళ్లలు, పెన్నులు, పిన్నులు, తాళాలు, ఇయర్‌ఫోన్లు, పాత రసీదులు, అన్నీ అందులోనే. అదొక్కటే 620! ఖాళీ సంచి 1,100. మొత్తం 6 కిలోల 900 గ్రాములు. నా బరువు 58 కిలోలు. పొద్దున గంటంబావు, సాయంత్రం గంటంబావు ప్రయాణం. అందులో సగం దూరం నిలబడే వెళ్తాను.

సరే తీసేద్దామని కూర్చుంటే ప్రతి వస్తువుకీ ఒక జ్ఞాపకం అడ్డం వచ్చింది. గొడుగు లేని రోజు తడిసి ముద్దయి అలాగే మీటింగులో కూర్చున్నాను. ఫోను చచ్చిపోయిన రాత్రి ఇంట్లోవాళ్లు రెండు గంటలు టెన్షన్‌తో వీధి గుమ్మంలో నిలబడ్డారు. ఆ రాత్రి తర్వాతే ఇంత పెద్ద పవర్ బ్యాంకు కొన్నాను. ఇలా ఒక్కో చెడ్డ రోజూ ఒక్కో వస్తువై సంచిలో చేరింది. తీయాలంటే ఆ రోజు మళ్లీ వస్తుందేమోనని భయం.

మీరంతా ఏది ఉంచాలో, ఏది తీయాలో ఎలా తేల్చుకుంటారు? జాబితా ఇచ్చినా సంతోషమే, కానీ నాకు కావాల్సింది తేల్చుకునే పద్ధతి.

ఖాళీజేబు (మొదటి రోజు, రాత్రి 10:40)

నేను నాలుగేళ్లుగా సంచి పట్టుకోవడమే మానేశాను. ఫోను, ఇంటి తాళం, ఒక కార్డు, రెండు నోట్లు, రుమాలు. అన్నీ జేబుల్లోనే. ల్యాప్‌టాప్ ఆఫీసులోనే వదిలేస్తాను. వాన వస్తే కాసేపు ఆగుతాను. ఏదైనా అవసరమైతే అక్కడే కొనుక్కుంటాను, లేదా పక్కవాళ్లని అడుగుతాను.

మీ పోస్టులో సమాధానం మీరే రాసుకున్నారు. ఎప్పుడో ఒకసారి వచ్చిన కష్టాన్ని రోజూ మోస్తున్నారు. ఆ చెడ్డ రోజులు ఏడాదికి ఎన్ని వస్తాయో లెక్క వేయండి. నొప్పి మాత్రం రోజూ ఉంది కదా.

తోలుసూది (రెండో రోజు, ఉదయం 6:25)

నేను సంచులు కుట్టి, బాగుచేసి ఇరవై ఏళ్ల పైనే అయింది. లోపలి వస్తువుల గురించి మిగతావాళ్లు చెబుతారు. ముందు సంచి సంగతి చూద్దాం.

వేకువబస్సు గారూ, నొప్పి కుడి వైపే అన్నారు. అంటే రెండు పట్టీల సంచిని ఒక భుజానికే తగిలించుకుంటున్నారు, అవునా? బాగుచేయమని నా దగ్గరికి వచ్చే సంచుల్లో చాలావాటికి ఒక పట్టీ మెత్త నలిగి పల్చబడి ఉంటుంది, రెండోది కొత్తదానిలా ఉంటుంది. ఏ భుజం నొప్పో చెప్పకముందే నాకు తెలిసిపోతుంది. రెండు భుజాలకూ వేసుకోండి. పట్టీలు బిగించండి. సంచి అడుగు నడుం కిందికి జారకూడదు. జారితే బరువు వెనక్కి లాగుతుంది, దాన్ని ఆపడానికి మెడ, నడుం ముందుకు వంగుతాయి. నొప్పి అక్కడ మొదలవుతుంది.

బరువైనవి వీపుకి ఆనుకుని ఉండాలి, వీపు మధ్య ఎత్తులో. ల్యాప్‌టాప్ అర వీపు వైపే ఉంటుంది కాబట్టి అది సరే. చాలామంది నీళ్ల సీసా, భోజనం డబ్బా తీసుకెళ్లి బయటి అరలో పెడతారు. అదే కిలో బరువు, జానెడు దూరం జరిగితే వీపు మీద పడే లాగుడు ఎక్కువవుతుంది. చేతిలో కుండని ఒంటికి ఆనించి మోయడానికీ, చేయి చాచి మోయడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే.

ఖాళీ సంచి 1,100 గ్రాములు అన్నారు. కొంచెం ఎక్కువే, అయినా సంచి మార్చమని తొందరపెట్టను. గుడ్డ మీద 600 డెనియర్, 1000 డెనియర్ అని రాస్తారు. 9,000 మీటర్ల నూలు పోగు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. అంకె పెరిగితే పోగు లావు, గుడ్డ బరువు. ఒకే డెనియర్‌లో నైలాన్ రాపిడికి పాలియెస్టర్ కన్నా బాగా ఓర్చుకుంటుంది, పాలియెస్టర్ ఎండకు బాగా ఓర్చుకుంటుంది. కొనేటప్పుడు అందరూ ఈ అంకెలే చూస్తారు. నేను మాత్రం పట్టీ మొదలు చూస్తాను. గుడ్డ చిరిగి నా దగ్గరికి వచ్చే సంచులు తక్కువ. పట్టీ ఊడి వచ్చేవి, జిప్పు పాడైనవి ఎక్కువ. పట్టీ సంచికి కలిసేచోట చదరపు కుట్టు, దాని మధ్యలో గుణకారం గుర్తులా అడ్డకుట్టు ఉంటే ఆ సంచి ఏళ్లు మోస్తుంది. ఒకే వరస కుట్టు ఉంటే ఎంత ఖరీదైనదైనా ఊడుతుంది.

జిప్పు మూసినా వెనకే విచ్చుకుంటోంది అంటే పళ్లు పాడైనట్టు కాదు. దాన్ని నడిపే స్లైడర్ నోరు వెడల్పైంది. చిన్న పటకారుతో స్లైడర్ వెనక అంచులను ఒకసారి ఇటు, ఒకసారి అటు కొద్దిగా నొక్కితే చాలాసార్లు మళ్లీ పట్టుకుంటుంది. గట్టిగా నొక్కితే మాత్రం విరుగుతుంది. విరిగితే స్లైడర్ ఒక్కటీ మార్చవచ్చు. దాని వెనక 5 అనో 8 అనో అంకె ఉంటుంది, ఆ అంకెదే వేయాలి. లోహపు పళ్లు బిగుసుకుంటే పెన్సిల్ మొనతో రుద్దండి.

ఇంకొకటి. సంచి లోపలి పూత జిగురుజిగురుగా అయి పొలుసుల్లా రాలుతోందా? అది పాలీయురేథేన్ పూత, తేమ పడీ పడీ విడిపోతోంది. తడి గొడుగు లోపల పెట్టి జిప్పు వేసి రాత్రంతా వదిలేసేవాళ్ల సంచులు ఇలాగే పోతాయి. ఇంటికి రాగానే నోరు తెరిచి ఆరేయండి.

వోల్టుమీటరు (రెండో రోజు, ఉదయం 8:50)

తోలుసూది గారూ, పట్టీ కుట్టు గురించి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే లేచి నాది చూసుకున్నాను. ధన్యవాదాలు.

నేను పవర్ బ్యాంకు గురించే మాట్లాడతాను. 430 గ్రాములంటే అది 20,000 ఎంఏహెచ్‌ది (ఎంత చార్జి పడుతుందో చెప్పే అంకె) అయ్యుంటుంది. ఆ అంకె లోపలి సెల్ వోల్టేజీ దగ్గర లెక్క, అంటే సుమారు 3.7 వోల్టులు. ఫోనుకి పంపేటప్పుడు దాన్ని 5 వోల్టులకో ఇంకా పైకో పెంచాలి, మళ్లీ ఫోను తన బ్యాటరీకి తగ్గట్టు దించుకోవాలి. దారిలో కొంత వేడిగా పోతుంది. చివరికి పైన రాసిన అంకెలో 60 నుంచి 65 శాతం దాకా ఫోనుకి చేరుతుంది. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోనుని సున్నా నుంచి ఒకసారి పూర్తిగా నింపి, ఇంకాస్త మిగులుస్తుంది. సాయంత్రం ఇంటికి చేరేవాళ్లకి అంతకన్నా ఎందుకు? బరువు 200 గ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. మీ భయం ఇంటికి ఫోను చేయలేకపోవడం గురించి. దానికి ఇది చాలు.

చాలామంది పవర్ బ్యాంకు పెట్టుకుని కేబుల్ మర్చిపోతారు. జానెడు పొడవు కేబుల్ ఒకటి పవర్ బ్యాంకుకే రబ్బరు బ్యాండుతో చుట్టి ఉంచండి. ఇంట్లో చార్జింగుకి ఆ కేబుల్ వాడొద్దు. వాడితే అది సంచిలోకి తిరిగి రాదు.

ఇప్పుడు రాసేది భయపెట్టడానికి కాదు, నేను కళ్లారా చూసినందుకు రాస్తున్నాను. లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఎండలో ఆపిన కారులో సంచి వదలొద్దు. పవర్ బ్యాంకు ఏ వైపైనా ఉబ్బితే ఆ రోజే వాడటం ఆపండి. గుచ్చి చూడొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి. తాళాల గుత్తి ఉన్న అరలో పెట్టొద్దు. విమానం ఎక్కేటప్పుడు అది చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిలవ ఉండే శక్తి కొలత) లోపు ఉంటే మామూలుగా అనుమతిస్తారు, 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థని ముందే అడగాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. పైన రాసిన అంకెలు చెరిగిపోతే తనిఖీలో ఆపేయవచ్చు, అందుకని వాటి మీద స్టిక్కర్లు అంటించకండి.

ఇద్దరిఅమ్మ (రెండో రోజు, మధ్యాహ్నం 1:15)

మీ 620 గ్రాముల పౌచ్ గురించి చదివి నా పాత సంచి గుర్తొచ్చింది. నిజానికి దాచిపెట్టిన బరువంతా అందులోనే ఉంటుంది. ఒక్కసారి గుడ్డ పరిచి మొత్తం బోర్లించండి. నా పౌచ్‌లో ఏడు పెన్నులు దొరికాయి, వాటిలో రాసేవి రెండు. ఎవరి తాళమో తెలియని తాళాలు మూడు.

నేను చేసిన మార్పు ఒక్కటే. ఒక పెద్ద పౌచ్ బదులు మూడు చిన్నవి, మూడు రంగులు. ఎర్రది మందులకి, నీలిది వైర్లకి, పచ్చది మిగతా చిల్లర వాటికి. సంచి మార్చినా పౌచ్‌లు ఎత్తి అందులో వేయడమే. ఆఫీసు సంచిలో ఉండిపోయింది, పెళ్లి సంచిలో ఉండిపోయింది అనే మాటే ఉండదు. ఎర్రది తెమ్మంటే మా చిన్నది కూడా తెచ్చిస్తుంది.

పచ్చదాంట్లో నాలుగు పిన్నీసులు, సూదీ దారం, ఒక పెన్ను, ఒక చిన్న పెన్సిల్ ఉంటాయి. పెన్ను ఇంకు ఆగిపోతుంది, కారుతుంది. పెన్సిల్ తడి చేత్తో పట్టుకున్నా, గోడకి ఆనించి రాసినా పనిచేస్తుంది. ఇంకా మడత పెడితే పిడికిట్లో పట్టే గుడ్డ సంచి ఒకటి. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది పెద్ద నూలు రుమాలు. చెమట తుడవడానికి, తడి సీటు తుడవడానికి, ఎండకి తలమీద వేసుకోవడానికి, దెబ్బ తగిలితే కట్టడానికి. 40 గ్రాములు కూడా ఉండదు.

పిల్లలున్నవాళ్లు ఒకసారి వాళ్ల బడి సంచి కూడా తూచండి. పిల్ల బరువులో పదో వంతు చుట్టూ ఉండాలంటారు, మరీ అయితే 15 శాతం. మా పెద్దవాడిది తూస్తే ఐదో వంతు ఉంది. ఆ వారం నేను నిద్రపోలేదు.

రాత్రిడ్యూటీ (రెండో రోజు, రాత్రి 11:50)

నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. ఈ చర్చలో ఇంకా రాని వస్తువు ఒకటుంది. దాని బరువు రెండు గ్రాములు.

ఒక కాగితం. పేరు, వయసు, ఏ మందు పడదు, ఏ జబ్బుంది, రోజూ వేసుకునే మందులు ఎంత మోతాదులో, ఏ వేళకి, ఫోను చేయాల్సిన ఇద్దరి నంబర్లు. స్పృహ లేకుండా వచ్చినవాళ్ల సంచి మేం తెరిచి వెతుకుతాం. ఫోను దొరుకుతుంది, అది లాకై ఉంటుంది. రక్తం పలుచబడే మందు వేసుకునే మనిషి తలకి దెబ్బతో వస్తే, ఆ మందు సంగతి మాకు తెలియడానికీ తెలియకపోవడానికీ చాలా తేడా ఉంది. బ్లడ్ గ్రూపు రాసుకుంటే మంచిదే, కానీ ఎక్కించే ముందు మేం ఎలాగూ పరీక్ష చేసే ఎక్కిస్తాం. మందుల పేర్లు మాత్రం ఏ పరీక్షలోనూ అంత తొందరగా తెలియవు. ఫోనులో లాక్ తీయకుండానే కనిపించే అత్యవసర సమాచారం అనే చోటు ఉంటుంది, అదీ నింపండి. కానీ కాగితం మానొద్దు. బ్యాటరీ అయిపోయినా కాగితం చదవొచ్చు.

మందుల గురించి. బిళ్లలు విడిగా డబ్బాలో పోసుకోవద్దు. స్ట్రిప్ కత్తిరించినా పేరు, గడువు తేదీ ఉన్న ముక్క ఉంచుకోండి. ఆరు నెలలకోసారి చూడండి, సంచిలో వేడికి మందులు గడువుకు ముందే పాడవచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ "ఈమధ్య అవసరం రాలేదు" అని తీసేయకండి. షుగరుకి ఇన్సులిన్ కానీ, చక్కెర బాగా దించే మాత్రలు కానీ వాడేవాళ్లు గ్లూకోజ్ దగ్గర ఉంచుకోండి. చెమట, వణుకు, తికమక వస్తే 15 గ్రాములు తీసుకుని, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలి. చాక్లెట్ నమ్ముకోవద్దు, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఒంట్లోకి నెమ్మదిగా చేరుతుంది. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకండి.

ఓఆర్ఎస్ పొట్లం పెట్టుకునేవాళ్లు దాని మీద ఎంత నీళ్లు అని ఉందో చదవండి. ఒక లీటరుది అయితే లీటరు నీళ్లలోనే కలపాలి. చిన్న గ్లాసులో మొత్తం కలిపితే ఉప్పు ఎక్కువై, ముఖ్యంగా పిల్లలకి, ప్రమాదం.

తెగి రక్తం కారుతుంటే ఇద్దరిఅమ్మ గారు చెప్పిన రుమాలే చాలు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. పది నిమిషాలు ఎత్తి చూడొద్దు. ఆగిందా అని మాటిమాటికీ ఎత్తి చూస్తే కట్టుకుంటున్న రక్తం మళ్లీ కారుతుంది.

అమ్మాయిలూ, ప్యాడ్లు రెండు పెట్టుకోండి. ఒకటి మీకు, ఒకటి అడగలేక నిలబడిన ఇంకో అమ్మాయికి.

వేకువబస్సు గారూ, మీరు పద్ధతి అడిగారు. నేను ప్రతి వస్తువునీ ఒకటే అడుగుతాను: ఇది లేని రోజు ఏమవుతుంది? తడుస్తాను అంటే ఒక రకం. ఊపిరి ఆడదు అంటే ఇంకో రకం. రెండింటినీ ఒకే తూకంలో వేయకూడదు.

కొత్తఅడుగు (మూడో రోజు, ఉదయం 7:30)

అక్కా, కాగితం ఇప్పుడే రాసుకున్నాను. నేను మొదటిసారి ఇల్లు వదిలి హాస్టల్‌కి వచ్చాను. కాలేజీకి, బయటికి ఒకటే సంచి. చిన్న చాకు పెట్టుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. అవసరమా? సంచి పోతే ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి.

పాతపటం (మూడో రోజు, ఉదయం 9:05)

తమ్ముడూ, చాకు వద్దు. ఎంత పొడవుది, ఎక్కడ పెట్టుకోవచ్చు అనే చట్టాలు చోటుకో రకంగా ఉంటాయి. తనిఖీ ఉన్న ప్రతిచోటా దాన్ని తీసేసుకుంటారు, లేదా నిన్ను ఆపేస్తారు. గొడవలో చాకు బయటికి తీస్తే అది ఎదుటివాడి చేతిలోకి పోవచ్చు. ఈల పెట్టుకో. పది గ్రాములు ఉంటుంది. లోపల గుండు లేని రకం తడిసినా మోగుతుంది. గొంతు పది నిమిషాలు అరిస్తే పోతుంది, ఈల పోదు. మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు. అది ఆపద సంకేతమని కొండలెక్కేవాళ్లకి చాలామందికి తెలుసు.

ఇక సంచి పోవడం. నాది ఒకసారి రైల్లో పోయింది. ఆ రోజు నన్ను ఏడిపించింది సంచిలో ఉన్న డబ్బు కాదు. అసలు సర్టిఫికెట్లు అందులోనే ఉన్నాయి. అవి తిరిగి తెప్పించుకోవడానికి ఎనిమిది నెలలు తిరిగాను. అసలు కాగితాలు ఆ రోజు పని ఉంటేనే బయటికి తీయాలి. పని అయ్యాక ఇంటికి చేర్చాలి. మిగతా రోజులు నకలు చాలు.

సంచిలో నీ ఫోను నంబరు రాసి పెట్టు, దొరికినవాళ్లు మంచివాళ్లయితే ఇస్తారు. ఇంటి చిరునామా మాత్రం రాయకు. తాళాలు, చిరునామా ఒకే సంచిలో ఉంటే దొరికినవాడికి ఇల్లు అప్పగించినట్టే. సంచిలోనే ఫోను ఉంటే ఆ నంబరుకి చేసి లాభం లేదు కాబట్టి ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా రాయి. ఒక కార్డు, ఇంటికి చేరేంత డబ్బు సంచిలో కాకుండా ఒంటి మీద జేబులో ఉంచు. ఫోనులో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. అది ఇంట్లో ఒక పుస్తకంలో రాసి ఉంచు. ఫోను పోయిందని ఫిర్యాదు చేసేటప్పుడు అదే అడుగుతారు.

నాన్నకర్ర (మూడో రోజు, సాయంత్రం 6:45)

ఖాళీజేబు గారూ, మీ మొదటి పోస్టు చదివాక రెండు రోజులు ఆగి రాస్తున్నాను. కోపంతో కాదు.

రెండేళ్ల క్రితం దాకా నేనూ మీలాగే జేబుల్లో పెట్టుకుని తిరిగినవాణ్ణి. నాన్నకి మతిమరపు మొదలయ్యాక సంచి వచ్చింది. బయటికి తీసుకెళ్తే ఒక చెయ్యి ఆయనదే. అవసరమైతే కొనుక్కుంటాను అన్నారు. ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి నేను రోడ్డు దాటి కొట్టుకి వెళ్లలేను. తిరిగొచ్చేసరికి ఆయన ఉండకపోవచ్చు. ఒకసారి నిజంగానే లేరు. నలభై నిమిషాలు వెతికాం.

అందుకే నా సంచిలో ఇద్దరి సామాను ఉంటుంది. ఒక జత బట్టలు, గాలి చొరని కవర్లో చుట్టి. ఆయన పాత కళ్లజోడు, పవరు కొంచెం తక్కువైనా లేనిదానికన్నా మేలు. నీళ్లు చిన్న సీసాలో, ఎందుకంటే ఆయన ఒకేసారి ఎక్కువ తాగరు. రాత్రిడ్యూటీ గారు చెప్పిన కాగితం రెండు చోట్ల: ఒకటి నా సంచిలో, ఒకటి ఆయన చొక్కా జేబులో.

వినికిడి యంత్రం బ్యాటరీలు కూడా ఉంటాయి. ఇవి వాడేవాళ్లకి ఒక మాట. ఇవి జింక్-ఎయిర్ రకం. పైన రంగు స్టిక్కర్ ఉంటుంది, అది పీకగానే గాలి తగిలి బ్యాటరీ పనిచేయడం మొదలుపెడుతుంది. మళ్లీ అంటించినా పూర్తిగా ఆగదు. తెలియక మొదట్లో నేను రెండు పీకి సిద్ధంగా పెట్టుకునేవాణ్ణి, అవసరానికి చూస్తే అవి అయిపోయి ఉండేవి. స్టిక్కర్ రంగే సైజు గుర్తు. పసుపు 10, గోధుమరంగు 312, నారింజ 13, నీలం 675. రంగు గుర్తుంటే కొట్లో తడుముకోనక్కర్లేదు. పీకాక ఒక నిమిషమో కొన్ని నిమిషాలో గాలి తగలనిచ్చి అప్పుడు యంత్రంలో పెట్టండి.

నా సంచి 4 కిలోలు. దానిలోంచి ఏదీ తీయను. కానీ నాన్న నాతో లేని రోజు ఆ సంచి ముట్టుకోను. అది ఆయనతో వెళ్లే సంచి.

ఖాళీజేబు (మూడో రోజు, రాత్రి 9:20)

నాన్నకర్ర గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఒక్కణ్ణే. నా మీద ఆధారపడి నా పక్కన నడిచేవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి తలచుకోకుండానే అందరికీ సలహా ఇచ్చాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాన్నగారు జాగ్రత్త.

వేకువబస్సు గారికి మాత్రం నేను సంచి మానేసే ముందు చేసిన పని చెబుతాను, అది పద్ధతే. సంచిలోవన్నీ ఒక గుడ్డ సంచిలోకి మార్చి, దాన్ని కూడా వెంట తీసుకెళ్లాను. ఏదైనా వాడితే అది అసలు సంచిలోకి వెళ్తుంది, ఎందుకు వాడానో ఒక మాట రాసుకుంటాను. రెండు వారాల తర్వాత గుడ్డ సంచిలో మిగిలినవి కనబడతాయి. అప్పుడు రాత్రిడ్యూటీ గారి ప్రశ్న వాటికి వేయండి. మందుల్లాంటివి వాడకపోయినా వెనక్కి తీసుకోవాలి, ఆ ముక్క నా లెక్కలో లేదు. ఆవిడ చెప్పాకే తోచింది.

వేకువబస్సు (పంతొమ్మిదో రోజు, రాత్రి 9:55)

మళ్లీ వచ్చాను. రెండు వారాలు రాసిన లెక్క ఇది.

ముందు తోలుసూది గారికి: మీరన్నది నిజం, ఎప్పుడూ కుడి భుజానికే తగిలించేదాన్ని. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తేలికని అలవాటైంది. ఇప్పుడు రెండు వైపులా వేసుకుని, బస్సు ఎక్కాక ముందుకి తిప్పుకుంటున్నాను. సీసా, డబ్బా లోపలి అరలోకి వచ్చాయి. ఒక్క గ్రాము తీయకముందే, నాలుగో రోజుకే మెడ లాగుడు తగ్గింది.

ల్యాప్‌టాప్ తీయలేను, ఇంటి నుంచి కూడా పని ఉంటుంది. చార్జర్ మాత్రం ఆఫీసులో ఇంకొకటి అడిగాను, ఇచ్చారు. ఇన్నాళ్లూ అడగలేదంతే. స్టీలు సీసా ఇంట్లో పెట్టేసి అర లీటరుది, ఖాళీగా ఉంటే 150 గ్రాములు తూగేది తీసుకున్నాను. ఆఫీసులో రెండుసార్లు నింపుకుంటున్నాను. నీళ్లు లీటరుకి కిలో బరువని చిన్నప్పుడే చదువుకున్నా, వీపు మీద పెట్టి ఎప్పుడూ ఆలోచించలేదు. పవర్ బ్యాంకు మా చెల్లిది చిన్నది తీసుకుని నాది దానికిచ్చాను. రెండు వారాల్లో మూడుసార్లు వాడాను, అందులో రెండు పక్క సీట్లోవాళ్ల కోసం. పుస్తకం ఒక్కటే ఉంచాను, లావుది ఇంట్లో. పౌచ్ బోర్లిస్తే రసీదులే ఒక దోసెడు వచ్చాయి. ఇప్పుడు అది 280 గ్రాములు.

గొడుగు దగ్గర చాలాసేపు ఆలోచించాను. రెండు వారాల్లో ఒక్కసారే విప్పాను. అది లేకపోతే తడుస్తాను, అంతే. లెక్క ప్రకారం తీసేయాలి. కానీ ఉంచుకున్నాను. మొదటి పోస్టులో చెప్పిన ఆ మీటింగులో తడి బట్టలతో మూడు గంటలు వణికాను, ఆ రోజు నన్ను నేను చాలా తక్కువగా చూసుకున్నాను. ఆ 400 గ్రాములు మోస్తాను. ఖాళీజేబు గారు ఒప్పుకోకపోవచ్చు.

మొత్తం 5 కిలోల 130 గ్రాములకి వచ్చింది. 1,770 గ్రాములు దిగింది.

అందరికన్నా ఎక్కువసార్లు వాడింది ఏంటో తెలుసా? పెన్ను, పదకొండుసార్లు. తర్వాత రుమాలు. కొత్తగా చేరినవి రెండే: మడత గుడ్డ సంచి, రాత్రిడ్యూటీ గారి కాగితం. కాగితం రాయడానికి కూర్చుంటే అమ్మ రోజూ వేసుకునే బీపీ మాత్ర పేరు నాకు తెలియదని తెలిసింది. లేచి వెళ్లి డబ్బా చూసి రాశాను. ఇప్పుడు అమ్మ కాగితం కూడా నా దగ్గర ఉంది, నాది అమ్మ దగ్గర.

రాత్రిడ్యూటీ (పంతొమ్మిదో రోజు, రాత్రి 11:30)

అమ్మ మందు మారిన రోజు కాగితం కూడా మార్చండి. తేదీ వేయండి. పాత కాగితం ఉంటే మేం దాన్నే నమ్ముతాం.

గొడుగు ఉంచుకోండమ్మా.

ఖాళీజేబు (ఇరవయ్యో రోజు, ఉదయం 7:10)

ఒప్పుకుంటున్నాను. ఇంకో సంగతి, నిన్నటి నుంచి నా జేబులో కూడా ఒక కాగితం ఉంది.

తోలుసూది (ఇరవయ్యో రోజు, ఉదయం 7:40)

ఇన్నాళ్లూ బరువంతా మోసింది కుడి పట్టీ. సంచి ఖాళీ చేసి లోపలి వైపు నుంచి ఆ పట్టీ మొదలు చూడండి. కుట్టు దారం పైకి తేలిందా, గుడ్డ కన్నాల దగ్గర సాగిందా చెప్పండి. దారం తేలితే ఇప్పుడే కుట్టించవచ్చు. గుడ్డ చిరిగాక అయితే లోపల అతుకు వేయాలి.

వేకువబస్సు (ఇరవయ్యో రోజు, రాత్రి 8:30)

చూశాను. చదరపు కుట్టులో కింది వరస రెండుచోట్ల తేలింది. గుడ్డ బాగానే ఉంది. రేపు దారిలో ఇచ్చేసి వస్తాను. గుణకారం కుట్టు వేయమని చెబుతాను.